వాకిట్లో బీడు

గడ్డి వెన్ను కనబడితే ఆంజినమ్మ చెయ్యి ఊరుకోదు. నెత్తిన మోపు ఉన్నా, చంకన కుండ ఉన్నా, ఒక చెయ్యి పక్కకు పోతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెన్నును పట్టుకుని మొదలు నుంచి కొస దాకా ఒక్క లాగు లాగుతుంది. గింజలు అరచేతిలోకి రాలతాయి. ఒకసారి ఊదుతుంది. పొట్టు పోతుంది. మిగిలింది చూసుకుని కొంగు కొసన ముడి వేస్తుంది. ఈలోపల నాలుగు అడుగులు పడి ఉంటాయి. నడక ఆగదు.

"కొంగులో ఏం కట్టుకున్నావు మే?" అని దారిలో ఎవరైనా అడిగితే "గడ్డి" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

కుందుర్పి బాట పక్కన ఒక చిన్న ఊరు. అక్కడ ఆమె గడ్డి కోసి బతికింది. ఊరికి తూర్పున ఎర్రదిబ్బ బీడు ఉండేది. రాయీ రప్పా కలిసిన ఎర్రనేల. తొలివాన పడితే పది రోజుల్లో పచ్చబడేది. ముందు నేలను అంటుకుని విష్ణుక్రాంతం నీలంగా పూసేది. తర్వాత తుమ్మి తెల్లగా. చవితి దాటాక గునుగు, తంగేడు. కార్తీకానికి గడ్డి నడుము దాకా లేచి, వెన్నులు ఎర్రబారి, గాలికి అంతా ఒక పక్కకే ఒరిగేది. ఊళ్ళో కొట్టాలన్నిటికీ ఆ బోదగడ్డే కప్పు. సన్నగడ్డి పశువులకు. బిరుసుగా ఉండేది పొరకలకు. ఆంజినమ్మ తల్లి అక్కడే కోసింది, ఆమె తల్లి కూడా. మూడు దుబ్బులు కోసి ఒక దుబ్బు వదిలేవాళ్ళు. ఎందుకని చిన్నప్పుడు ఆంజినమ్మ అడిగితే తల్లి, "దానికీ పిల్లలుండాల గదా" అంది.

ఆంజినమ్మకు పిల్లలు లేరు. మొగుడు బాలప్ప ఈశ్వరప్ప దగ్గర జీతానికి ఉండేవాడు. ఈశ్వరప్ప ఆ ఊరి మెట్ట పొలాలలో సగానికి ఆసామి. యాభై ఆరో సంవత్సరం మార్గశిరంలో ఎర్రదిబ్బ బీడు కూడా ఆయన పేర పట్టా అయింది. చెనిక్కాయ, అదే వేరుశనగ, వేస్తానన్నాడు. ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెనిక్కాయ మాటే మాట్లాడుతున్నాయి.

దున్నడానికి మొదటి సాలు బాలప్పే తోలాడు. నలభై బారలు పోయేసరికి మడక కర్రు విరిగింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా కూర్చున్నాడు.

"అది నేల కాదు మే. చాప. కిందంతా వేర్లు అల్లుకోని ఉండాయి. మడక దిగదు."

"దిగకపోతే ఇడ్సిపెడ్తారా?"

"ఇనుప మడక తెస్తారంట. నాలుగెద్దులు కట్టేది. తొలివానకు తోలాల." కాళ్ళకంటిన మన్ను గోకుతూ అన్నాడు. "తెగేటప్పుడు సప్పుడొస్తాది మే. గుడ్డ చింపినట్ల."

మాఘంలో బాలప్పకు జ్వరం తగిలింది. ఏడో రోజున పోయాడు. శాస్త్రి వేళ్ళు మడిచి చూసి ధనిష్ఠ అన్నాడు. ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలన్నాడు.

చెడ్డ నక్షత్రాన మనిషి పోతే ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు. దీపం పెట్టకూడదు, ఊడ్వకూడదు. పొయ్యి ఆర్పి, బూడిద ఎత్తి బయట పోసి, వాకిలికి అడ్డంగా తుమ్మకంప వేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. గడువు తీరాక వచ్చి, మొలిచిందంతా వేర్లతో సహా పెరికి తగలబెట్టి, అలికి, అప్పుడు మళ్ళీ పొయ్యి రాజేయాలి.

ఆంజినమ్మ ఇల్లు ఒంటి కొట్టం. ముందు ఎద్దులబండి రెండుసార్లు తిరిగేంత వాకిలి, చుట్టూ నడుమెత్తు రాతిగోడ. గోడ సందులో కంప వేసేటప్పుడు పక్కన బాలప్ప మేనత్త కదిరమ్మ నిలబడి చెప్పింది.

"ఎడం చేత్తో పెట్టు. పెట్టిన చెయ్యే మళ్ళీ తీయాల, ఇంగెవురన్నా తీస్తే వాళ్ళింటికి తగులుకుంటాది. ఇది ఊరికే పెట్టేది కాదమ్మా. చావు లేని ఇంటికి కంప ఏస్తే, ఆ కంపే పోయి చావును పిల్చుకోని వస్తాది. మా అమ్మగారి ఊర్లో జరిగింది."

ఆంజినమ్మ ఎడమ చేత్తో పెట్టింది. వెనక్కి చూడలేదు. ఆ ఆరు నెలలు ఆంజినమ్మ కదిరమ్మ వాళ్ళ పశువుల కొట్టంలో ఒక మూల పడుకుంది.

గడ్డి కోయడానికి పోయినప్పుడల్లా బీడును చూసేది. బీడు ఎప్పట్లాగే ఉంది. తొలివానకు ఉండదు. దానికి ఆ సంగతి తెలియదు. తన తర్వాత కోసేవాళ్ళు లేరు కనుక తనకెందుకులే అనుకోవాలని చూసింది. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. వెన్నులు అప్పటికే రాలిపోయి ఉన్నాయి. గింజ ఎక్కడుందో వెతికింది. చీమల దగ్గర ఉంది. ఎండాకాలం బీడు మీద పెద్ద చీమలు బొరియ చుట్టూ గడ్డి గింజలను వలయంగా పోసుకుంటాయి. బోద, తుమ్మి, వెంపలి, పేరు తెలియనివి, అన్నీ కలిసి ఉంటాయి. ఆంజినమ్మ చిన్న పొరకతో సగం ఊడ్చి చేటలోకి ఎత్తుకునేది. సగం చీమలకు వదిలేది. పొద్దున ఎండ ముదిరేలోపల ఏడెనిమిది పుట్టలు తిరిగేది.

చల్లడానికి చోటు లేదు. ఊళ్ళో ఎక్కడ చల్లినా మేక ఒకటి వచ్చి తింటుంది. లేదంటే మనిషి ఒకడు తొక్కుతాడు. మేక రాని చోటు, మనిషి తొక్కని చోటు ఊరంతటికీ ఒక్కటే ఉంది. కంప వేసిన తన వాకిలి. అటు పక్క పోయే మేకలను కూడా జనం రాయి విసిరి తరిమేవాళ్ళు.

ఆమె నేమం తప్పలేదు. లోపల అడుగు పెట్టలేదు. గోడ బయట నిలబడి గుప్పెటతో లోపలికి విసిరేది. ఆరుద్రకార్తెలో వాన పడింది, ఇనుప మడక దిగింది. మడక ముందు నడుస్తూ దుబ్బులను వేర్లతో సహా పెళ్ళగించి, గంపలో పెట్టుకొచ్చి, అవీ గోడ మీద నుంచి విసిరింది. కొన్ని బోర్లాపడి ఎండాయి. కొన్ని పడ్డచోటే నేలను పట్టుకున్నాయి.

మడక వెనకాల తోలుతున్నవాడు ఎర్రన్న, ఈశ్వరప్ప కొత్త జీతగాడు. "ఏమక్కా, గడ్డికి కాన్పు చేస్తాండావా?" అన్నాడు. ఆమె ఇంకో దుబ్బు పెళ్ళగించింది. మడక కింద గుడ్డ చింపినట్టు చప్పుడు వస్తోంది. సాయంత్రానికి బీడు మీద నుంచి లేచిన పూరేడు పిట్టలు ఎక్కడ దిగాలో తెలియక ఊరి మీద తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే ఆంజినమ్మ వాకిట్లో దిగాయి.

విసరడం కదిరమ్మ కంట పడింది.

"పాడింట్లో విత్తనం ఏసినావా?"

"ఏసినా."

"ఏసింది మొలుస్తాది. పాడు గూడా మొలుస్తాది దాంతోపాటు. నాకు తెలీదమ్మా ఇంగ."

శ్రావణంలో గడువు తీరింది. ఆంజినమ్మ ఎడమ చేత్తో కంప ఎత్తి పక్కన పడేసింది. వాకిలి పెరికేదానికి మరిది ఓబులేసు పార పట్టుకుని వచ్చాడు, తోడికోడలు సుంకమ్మ గంప తెచ్చింది. ఇద్దరూ గోడ దగ్గరే ఆగిపోయారు. లోపల మోకాలెత్తు పచ్చదనం ఉంది. దాని అడుగున నేల కనిపించకుండా విష్ణుక్రాంతం పూసి ఉంది.

"ఇంత మొలిచిందేంది వదినా?"

"దోవ మాత్రం గీకు ఓబులేసూ. గడప దాకా. మిగిలింది ఉండనీ."

సుంకమ్మ నవ్వింది. "ఏమక్కా, మేకలేమన్నా తెస్తాండావా?"

"లేదు."

"మరేమిటికి?"

"బీడు పోయింది గదా. మళ్ళా కావాలంటే విత్తనం యాడుంటాది?"

"బీడు ఎవురికి కావాల మళ్ళా?" అని సుంకమ్మ మొగుడి వైపు చూసింది.

ఓబులేసు పార మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "గడ్డి మొలిచిన వాకిట్లో దీపం పెడ్తే పెట్టినట్ల కాదు వదినా. గడువు తీరనట్లే."

"అయ్యేది నాకే అయితాదిలే."

"నీకొక్కదానికే అయితే ఇంగేం." అతడు రెండడుగుల వెడల్పు దోవ గీకి, పార కడుక్కుని పోయాడు. ఆ పార ఇంట్లోకి తీసుకుపోకుండా బయటే పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ ఏడు సగమే మొలిచింది. మిగతా సగం చచ్చిందనుకుంది. అది మరుసటి ఏడు లేచింది. ఆ గింజ ఒక ఎండాకాలం నేల మీద పడుకుని మాడితే గానీ లేవదని అప్పుడు తెలిసింది. కుండతో నీళ్ళు పోసినచోట కుళ్ళింది. నీళ్ళు పోయడం మానేసింది. తంగేడు మూడో ఏట గానీ రాలేదు. వచ్చాక గోడను దాటి పసుపుపచ్చగా బయటికి తొంగిచూసింది. మూడు దుబ్బులు కోసి ఒకటి వదిలేది. కోసినదాన్ని పొరకలు కట్టి సంతకు తీసుకుపోయేది. సంతలో కొనేవాళ్ళు పక్క ఊళ్ళవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు కొనలేదు.

నిప్పు అడగడానికి ఎవరూ రాలేదు. పెళ్ళి పిలుపుకు కుంకుమ పట్టుకుని వచ్చినవాళ్ళు ఈ పక్కింట్లో చెప్పి ఆ పక్కింటికి పోయేవాళ్ళు. నడుమ ఇల్లు లేనట్టే. ఎదురుపడితే మాట్లాడేవాళ్ళు, నవ్వేవాళ్ళు కూడా. ఇంటి మాట మాత్రం ఎత్తేవాళ్ళు కాదు. ఓబులేసు ఎద్దు ఒకటి చచ్చింది. సుంకమ్మ ఆ రోజు గోడ బయట నిలబడి వాకిలిని చూసి పోయింది.

కొన్ని సాయంత్రాలు గాలి లేకుండానే గడ్డి కదిలేది. ఒక చోట విచ్చుకుని, ఇంకో చోట మూసుకుని, ఏదో లోపల నడుస్తున్నట్టు. ఆంజినమ్మ గడప మీద కూర్చుని చూసేది. కదలిక దోవ దాటి అవతలికి పోయాక లేచి తలుపు వేసుకునేది. అది ఏమిటో చూడడానికి ఎప్పుడూ పోలేదు.

ఎర్రదిబ్బ మీద మూడేళ్ళు చెనిక్కాయ బాగా పండింది. నాలుగో ఏడు తగ్గింది. చెనిక్కాయ పెరికితే నేల మీద ఏమీ మిగలదు. ఆషాఢ గాలి వచ్చినప్పుడు ఆ నేల లేచేది. మధ్యాహ్నం ఎర్రగా చీకటి పడేది. అన్నంలో మన్ను, కండ్లలో మన్ను. గాలి పోయాక చూస్తే ఆ మన్ను ఊళ్ళో నిలవలేదు, ఊరు దాటి పోయింది. ఆంజినమ్మ వాకిట్లో మాత్రం నిలిచింది. గడ్డి పట్టుకుంది. ఏటికి మూడు వేళ్ళ మందం. ఎనిమిదేళ్ళకు వాకిలి వీధి కంటే మూరెడు ఎత్తు లేచింది. దోవ దాని మధ్యలో గుంతలాగా ఉండిపోయింది. ఇంట్లోకి పోవాలంటే దిగి పోవాలి. బయటి నుంచి చూసేవాళ్ళకు అది మనిషిని పూడ్చిన దిబ్బలాగా కనిపించింది. ఆ మాట ఎవరో అన్నారు. తర్వాత అందరూ అన్నారు.

అరవై ఐదులో వాన రాలేదు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. విత్తిన చెనిక్కాయ మట్టిలోనే మాడింది. మార్గశిరానికి పశువుల పక్కటెముకలు తేలాయి. కుందుర్పి రోడ్డు మీద కరువు పని పెట్టారు, కంకర కొట్టే పని. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. బావుల్లో నీళ్ళకు బదులు రాయి కనబడింది.

ఒక మధ్యాహ్నం ఈశ్వరప్ప వచ్చాడు. గోడ బయటే నిలబడ్డాడు. ఓబులేసు, ఎర్రన్న, ఇంకో నలుగురు ఆయన వెనక ఉన్నారు. ఆంజినమ్మ గడప దగ్గర లేచి నిలబడింది. వాళ్ళకూ ఆమెకూ మధ్య గడ్డి ఎండి, ఎర్రబారి, వెన్నుల బరువుకు వాలి ఉంది.

"ఏమ్మే ఆంజినమ్మా, బాగుండావా?"

"ఉండా అప్పా."

ఆయన వంగి గోడ మీద నుంచి చెయ్యి చాపి, లోపలి మన్ను గుప్పెడు తీశాడు. వేళ్ళ మధ్య నలిపాడు. "ఇది నాదే" అన్నాడు మెల్లగా. "నా చేను మన్ను ఇది. చూస్తానే తెలుస్తాది."

"గాలి తెచ్చింది అప్పా. నేను తేలేదు."

"నువ్వు తెచ్చినావని ఎవురన్నారు?" గుప్పెట తెరిచి వదిలేశాడు. మన్ను వాకిట్లోనే పడింది. "ఊర్లో ఏమంటాండారో నీకు తెలుసు గదా. ఊరి నడుమ ఒక పాడిల్లు ఉండాది, దాంట్లో మనిషి బతుకుతాంది, వాన యాడ్నించి వస్తాది అంటాండారు. నేనంటే నమ్మను. కానీ నేనొక్కణ్ణే గదా నమ్మంది. రేపు పొద్దున మనుషుల్ని పంపిస్తా. గీకిస్తా, అలికిస్తా. శాస్త్రిని పిలిపిస్తా. నువ్వేం చేయొద్దు. కూర్చోని ఉండు."

"ఎద్దులకైతే కోసుకోనిపోండి అప్పా. నేనే కోసిస్తా. దుబ్బు మాత్రం ఇడ్సిపెట్టండి."

"ఎద్దులకు అది చాలు. ఊరికి చాలదు. ఊరికి వేర్లతో కావాల."

ఓబులేసు నేల చూపులు చూస్తూ అన్నాడు. "వదినా, ఎనిమిదేండ్లయింది. ఇంగ చాలు."

"విత్తనం దీంట్లోనే ఉండాది ఓబులేసూ. ఇంగ యాడా లేదు. కర్రు దిగిన తావులన్నీ తిరిగి చూసొచ్చినా."

"విత్తనం గురించి ఎవురడిగినారు?" అన్నాడు ఎర్రన్న. నవ్వలేదు.

వాళ్ళు పోయాక ఆంజినమ్మ కదిరమ్మ దగ్గరికి పోయింది. కదిరమ్మకు అప్పటికి చూపు పోయింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టింది.

"రేపు గీకుతారంట గదా."

"ఆ." ఆంజినమ్మ పక్కన కూర్చుంది. ముసలామె వైపు తిరిగి అడిగింది. "అత్తా, కంప పెట్టిన చెయ్యే తీయాల గదా?"

"ఆ చెయ్యే తీయాల."

"తీయకపోతే?"

"తీయకపోతే అట్లే ఉంటాది. ఇల్లు కూలినా అట్లే ఉంటాది."

"ఊరంతా ఒకటై తీస్తే?"

"ఊరంతా ఒకటైతాది గానీ, ముందు పట్టే చెయ్యి ఒకటే గదమ్మా. ఆ చెయ్యి ఎవురిది?" అని ముసలామె ఆగిపోయింది. మొహం ఆంజినమ్మ వైపు తిప్పింది. "ఎందుకడగతాండావు?"

ఆంజినమ్మ కొంగు ముడి విప్పి మళ్ళీ బిగించింది.

"ఆ ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివే. కంప చావును పిలిస్తే అది యాడికి పోవాల? నీ కాడికే."

"అది తెలుసు."

"తెలిసి అడగతాండావా?" కదిరమ్మ చెయ్యి చాపి ఆమె మోకాలు వెతుక్కుంది. పట్టుకుంది. "పెరకనీ మే. గడ్డి గదా అది."

ఆంజినమ్మ ఆ చేతి మీద తన చెయ్యి ఒకసారి పెట్టి లేచింది. ఇంటికి పోతూ కుంట గట్టున తుమ్మచెట్టు దగ్గర ఆగి, కొడవలితో ఒక కొమ్మ నరికింది. ముళ్ళు పొడుగ్గా, తెల్లగా ఉన్నాయి. దాన్ని ఈడ్చుకుంటూ వీధిలో నడిచింది. వంటచెరుకేమో అనుకున్నారు. ఎవరూ అడగలేదు.

పొద్దున, ఇంకా ఎండ రాకముందే లేచింది. పొయ్యి మీద అంబలి కాచుకుని తాగింది. కుండ కడిగి బోర్లించింది. పొయ్యిలో నీళ్ళు చల్లి నిప్పు ఆర్పింది. బూడిద చేటలోకి ఎత్తి వెనక పక్క పోసింది. దీపం సెమ్మె తీసి గూట్లో పడుకోబెట్టింది. బాలప్ప పోయినప్పుడు చేసినవన్నీ అదే వరసలో చేసింది. ఒక చీర, కొడవలి, సుత్తి మూటలో కట్టుకుంది. దోవ వెంట నడిచి గోడ సందు దాటింది. రెండు పక్కలా గడ్డి భుజాల దాకా ఉంది. వెన్నులు చేతులకు తగిలాయి. చెయ్యి వాటి మీదికి పోలేదు.

తుమ్మకంపను ఎడమ చేత్తో ఎత్తి సందుకు అడ్డంగా పెట్టింది. ముల్లు ఒకటి అరచేతిలో దిగింది. తీసి పారేసింది.

వాళ్ళు అప్పుడే వస్తున్నారు. ఎర్రన్న ముందు, భుజాన పార. వెనక ఓబులేసు, మిగతావాళ్ళు. కంపను చూసి ఎర్రన్న ఆగాడు. వెనకవాళ్ళు అతన్ని గుద్దుకుని ఆగారు. పార భుజం మీద నుంచి దించాడు, కానీ కింద ఆనించలేదు, చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

ఓబులేసు కంప వైపు చూశాడు, గడప వైపు చూశాడు. ఇంట్లో పొగ లేదు.

"వదినా," అన్నాడు. "ఎవురు పోయినారు?"

"ఇంకా ఎవురూ పోలేదు" అంది ఆంజినమ్మ.

ఒకరిని ఒకరు చూసుకున్నారు. ముందుకు ఎవరూ రాలేదు. ఆమె మూట నెత్తిన పెట్టుకుని వాళ్ళ పక్కగా నడిచింది. వాళ్ళు దారి ఇచ్చారు, కొంగు తగలకుండా ఎదురింటి గోడకు ఆనుకుని మరీ ఇచ్చారు. ఆమె వెనక్కి చూడలేదు.

ఎండ ఎక్కేసరికి కుందుర్పి రోడ్డు మీద కూర్చుని కంకర కొడుతోంది.